నాన్నని పీఎస్‌ఏ పరీక్షకు ఎలా ఒప్పించామంటే

"నిక్షేపంగా ఉన్నాను, నాకెందుకు?" అనేవారు నాన్న. ప్రోస్టేట్ (మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ మొదట్లో చాలాసార్లు ఏ లక్షణమూ చూపించదన్నా చెవికెక్కలేదు. అసలు అడ్డు సిగ్గు. మలద్వారంలో వేలితో చేసే పరీక్ష తప్పదనుకున్నారు. ముందు చేసేది రక్త పరీక్షే, ఆ గ్రంథి తయారుచేసే పీఎస్‌ఏ అనే ప్రొటీన్ ఎంతుందో చూస్తారంతే, షుగర్‌కి ఇచ్చినట్టు చేయి చాపడమే అనగానే సగం మెత్తబడ్డారు.

మిగతా సగం బాబాయి చూసుకున్నాడు. తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బుంటే ముప్పు దాదాపు రెట్టింపు. అలాంటివాళ్లు 50 దాకా ఆగకుండా 45కే డాక్టరుతో మాట్లాడాలి. "నీ సంగతి తేలితే మా సంగతీ తెలుస్తుంది అన్నయ్యా" అన్నాడు. పంతం వీగింది. (నా మాటకున్న విలువ ఇంతే!)

పరీక్షకు ముందు రెండు రోజులు సైకిల్ తొక్కొద్దన్నాను. అది, మూత్రంలో ఇన్ఫెక్షన్, వీర్యస్ఖలనం పీఎస్‌ఏని పెంచవచ్చు. ప్రోస్టేట్ పెరిగితే ఇచ్చే ఫినాస్టరైడ్ మందు వాడితే దాదాపు సగానికి తగ్గుతుంది కాబట్టి మందుల చీటీ కూడా జేబులో పెట్టాను.

అంకె కాస్త ఎక్కువే వచ్చింది. వయసుతో గ్రంథి పెరిగినా ఇలాగే ఉంటుందని డాక్టరు కొన్ని వారాలాగి మళ్లీ చేయించారు. తగ్గింది. ఇప్పుడు బాబాయి వంతు, నాన్నే ఫోన్ చేసి వాయిస్తున్నారు.