గుడ్డముక్కలతో గోడబొంత

టైలర్ దగ్గర మిగిలిన జాకెట్టు ముక్కలు, పాత కలంకారీ, మంగళగిరి పీలికలు పారేయకండి. 12 అంగుళాల చదరం బొంత ఒకటి కుడితే గోడకి ఎంత బాగుంటుందో!

ముందు ముక్కలన్నీ విడివిడిగా ఉతికి ఇస్త్రీ చేయండి. ఎరుపు, నీలం రంగులు దిగుతాయి. నేను ఉతక్కుండానే కుట్టేసి, తర్వాత తడిపితే తెల్ల ముక్కంతా గులాబీ అయిపోయింది. పట్టు, నూలు కలపకపోవడమే మేలు, రెండూ ఒకేలా ముడుచుకోవు.

అడుగున పాత నూలు దుప్పటి ముక్క, మధ్యలో అరిగిపోయిన తువాలు చాలు. దూది అక్కర్లేదు. పైన ముక్కలు పేర్చాక ఫోన్‌తో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లో చూడండి. అంతా ఒకే బూడిద రంగులో కనిపిస్తే ముదురు, లేత ముక్కలు సరిగా పడలేదన్నమాట. అక్కడే మార్చుకోండి, కుట్టాక మార్చడం నరకం.

కుట్టు మధ్యలో మొదలుపెట్టి అంచులవైపు వెళ్లండి, లేదంటే నడుమ ఉబ్బుతుంది. అమ్మమ్మల బొంతల్లాగే సూదిని పైకీ కిందికీ దూర్చుకుంటూ పోయే మామూలు ముందుకుట్టు (రన్నింగ్ స్టిచ్) చాలు. వంకర పోయినా పర్వాలేదు, నాకైతే అలాగే ఇష్టం. వేలాడదీయడానికి వెనక పైఅంచున గొట్టంలా ఒక పట్టీ కుట్టి, అందులో సన్న కర్ర దూర్చండి.