మిద్దె మీద నుంచే వెస్టాను పట్టుకోవడం

అంగారకుడికీ గురుడికీ మధ్య సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహశకలాల (రాతి ముద్దల) పట్టీలో మొదట వెతకాల్సింది పెద్దదైన సెరిస్‌ను కాదు, వెస్టాను. సెరిస్ అడ్డుకొలత సుమారు 940 కిలోమీటర్లు, వెస్టాది 525. అయితే సెరిస్ నేల నల్లన, పడిన వెలుగులో 9 శాతమే తిప్పికొడుతుంది. వెస్టా 40 శాతం పైనే. పైగా మనకు దగ్గర.

వెస్టా సుమారు 16, 17 నెలలకోసారి సూర్యుడికి ఎదురు దిక్కుకు వస్తుంది. ఆ తేదీకి అటూ ఇటూ మూడు వారాలే మంచి అదను. ఆకాశపటం చూపే స్టెల్లేరియం యాప్‌లో మీ ఊరు (ఉదాహరణకు అనంతపురం) పెట్టి వెస్టాను వెతకండి. మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత) 7 కంటే తక్కువ చూపితే 10×50 బైనాక్యులర్‌కు (పది రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు అద్దం 50 మి.మీ.) అందుతుంది. ఆ అంకె ఎంత చిన్నదైతే అంత కాంతి.

టౌన్ లైట్ల మధ్య కష్టమే. మిద్దె మీద వీధిలైటు కంట పడని మూల చూసుకోండి, లేదా ఊరి బయట శనక్కాయ చేను గట్టుకు పోండి (బూట్లు మరవొద్దు, పాములుంటాయి). నిండు చంద్రుడున్న వారం వదిలేయండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది, ఈలోపు ఫోన్ చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. మోచేతులు పిట్టగోడకు ఆనించకపోతే చుక్కలన్నీ గీతలై ఊగుతాయి.

ఇక అసలు పని. కాగితం మీద 10 సెంటీమీటర్ల వృత్తం గీసి, బైనాక్యులర్‌లో కనబడే చుక్కలన్నీ అందులో పెట్టండి. ఏది వెస్టానో అప్పుడే రాయొద్దు. చాలామంది ఇక్కడే తప్పుతారు: యాప్‌లో చూసిన చుక్కనే కాగితం మీదికి ఎక్కించి, చూశామనుకుంటారు. వెస్టాకు నక్షత్రానికి చూపులో తేడా లేదు, కదలికే గుర్తు. 1807 మార్చి 29న జర్మనీలోని బ్రెమెన్‌లో ఖగోళ పరిశీలకుడు ఓల్బర్స్ కన్యారాశిలో దాన్ని కనిపెట్టిందీ ఈ లెక్కనే.

మూడు రాత్రుల తర్వాత అదే గంటకు మళ్లీ గీయండి. గంట మారితే ఆకాశం తిరిగి బొమ్మ వాలిపోతుంది, పోల్చలేరు. వెస్టా రోజుకు దాదాపు పావు డిగ్రీ జరుగుతుంది. బైనాక్యులర్ చూపు వెడల్పు 6.5 డిగ్రీలైతే, మీ వృత్తంలో ఆ చుక్క సెంటీమీటరుకు కాస్త పైన జరిగి ఉండాలి. ఎదురు తేదీకి నెలన్నర దూరంలో చూస్తే అది దాదాపు ఆగినట్టే ఉంటుంది, పోలిక కుదరదు.

ఏ చుక్కా కదల్లేదంటే మీరు గీసినవన్నీ నక్షత్రాలే. ఇంకా మసక చుక్కల్ని కలుపుకుని మళ్లీ గీయండి.