ఎవరూ లెక్కలో పెట్టని జట్టు ఫైనల్ దాకా వెళ్లింది: ఆ టోర్నీని ఆధారాలతో తిరిగి కూర్చడం ఎలా

2022 మార్చిలో అమెరికా కాలేజీల బాస్కెట్‌బాల్ టోర్నీ ఎన్‌సీఏఏలో సెయింట్ పీటర్స్ యూనివర్సిటీ 15వ సీడ్‌గా (సీడ్ అంటే ఆటకు ముందే బలాన్ని బట్టి ఇచ్చే స్థానం) దిగింది. రెండో సీడ్ కెంటకీని ఓవర్‌టైమ్‌లో 85-79తో, ముర్రే స్టేట్‌ను 70-60తో, మూడో సీడ్ పర్డ్యూను 67-64తో ఓడించింది. చివరి ఎనిమిది జట్లలో ఒకటిగా నిలిచి, నార్త్ కరోలినా చేతిలో 69-49తో ఓడింది. అంతకుముందు ఏ 15వ సీడూ అంత దూరం వెళ్లలేదు. ఆ జట్టు ఆట ఎన్నడూ చూడనివాళ్లకు కూడా ఈ నాలుగు ముక్కలతో విషయం అర్థమైపోతుంది. అది స్కోర్ల వల్ల కాదు, సీడ్ల వల్ల. గెలవకముందు వాళ్లను ఎక్కడ నిలబెట్టారో రాసి ఉంది కాబట్టే ఆ గెలుపు ఎంత పెద్దదో తెలుస్తోంది.

తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో ఇలాంటి గెలుపులు లేక కాదు. ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం) ఇంటర్ కాలేజియేట్ టోర్నీలో పేరున్న జట్లను వరసగా కొట్టుకుంటూ పోయిన చిన్న కాలేజీ గురించి పాత విద్యార్థులు కలిసినప్పుడల్లా మాట్లాడుకుంటారు. కానీ కాగితం లేకపోతే పదేళ్లకు నాలుగు పాయింట్ల గెలుపు ఇరవై పాయింట్ల గెలుపవుతుంది. సెమీస్‌లో ఎవరి మీద ఆడారో ఇద్దరు రెండు రకాలుగా చెబుతారు. ఆ జట్టు అభిమానులు ఒక్కసారి కూర్చుని చేయాల్సిన పని ఇది. నలుగురు పని పంచుకుంటే ఎక్కువ కాలం పట్టదు.

మొదట ఫిక్చర్స్ వెతకండి

అందరూ ముందు ఫొటోల కోసం వెతుకుతారు. అవి తర్వాత. ముందు కావాల్సింది ఫిక్చర్స్ కాగితం, అంటే ఎవరు ఎవరితో ఆడాలో రాసిన పట్టిక. ఆతిథ్యమిచ్చిన కాలేజీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ ఫైల్లోగానీ, యూనివర్సిటీ ఫిజికల్ ఎడ్యుకేషన్ విభాగంలోగానీ అడగండి. అది దొరికితే జట్టు ఎన్ని మ్యాచ్‌లు ఆడిందో, ఎవరికి బై (మొదటి రౌండు ఆడకుండానే ముందుకెళ్లడం) వచ్చిందో తేలిపోతుంది. దొరక్కపోతే లెక్క వేసుకోవచ్చు. నాకౌట్‌లో 13 జట్లుంటే 2, 4, 8, 16 వరసలో దాని పైన వచ్చే 16 లోంచి 13 తీసేస్తే 3 బైలు. మొత్తం మ్యాచ్‌లు 12, అంటే జట్ల సంఖ్య కన్నా ఒకటి తక్కువ. బైలు సాధారణంగా గత ఏడాది బాగా ఆడిన జట్లకే ఇస్తారు. బై వచ్చిన జట్టు రెండు గెలిస్తే ఫైనల్లో ఉంటుంది, రాని జట్టు మూడు గెలవాలి. చిన్న జట్టు ఒక మ్యాచ్ అలసట అదనంగా మోసుకుని ఫైనల్‌కు వచ్చిందన్న సంగతి ఇక్కడే బయటపడుతుంది. దీన్ని తప్పకుండా రాయండి.

ప్రతి ప్రత్యర్థి పేరు పక్కన మూడు విషయాలు చేర్చండి: గత ఏడాది ఆ జట్టు ఎక్కడిదాకా వచ్చింది, వాళ్లలో యూనివర్సిటీ జట్టుకో రాష్ట్ర జట్టుకో ఆడినవాళ్లు ఎందరు, మ్యాచ్ వాళ్ల సొంత కోర్టులో జరిగిందా. ఈ మూడూ లేకుండా రాసిన స్కోరు బయటివాళ్లకు ఏమీ చెప్పదు.

ఏ సంవత్సరం అన్నది కూడా ముఖ్యం. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో, నెల్లూరులో విక్రమ సింహపురి 2008లో ఏర్పడ్డాయి. అంతకుముందు ఆ జిల్లాల కాలేజీలు కూడా ఎస్వీయూ కిందే ఉండేవి. 1990ల నాటి ఇంటర్ కాలేజియేట్ సెమీస్‌ను ఈనాటి సెమీస్‌తో ఒకే తూకంలో పెట్టకూడదు.

వాకోవర్ ఉంటే దాచకండి. ఎదుటి జట్టు రాకపోతే ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధన ప్రకారం స్కోరు 20-0. దాన్ని 20-0 అనే రాసి, పక్కన ‘వాకోవర్’ అని పెట్టండి. ఒక మ్యాచ్ ఆడకుండా ముందుకెళ్లినా మిగతా గెలుపుల విలువ తగ్గదు. దాచిపెట్టింది తర్వాత బయటపడితే మాత్రం మిగతావన్నీ అనుమానంలో పడతాయి.

స్కోర్ షీటు చదవడం

అసలు ఆధారం ఇదే. నిబంధనల ప్రకారం షీటుకు తెల్ల కాగితం అసలు ప్రతి, దాని కింద మూడు నకళ్లు ఉంటాయి: నీలం రంగుది నిర్వాహకులకు, గులాబీ గెలిచిన జట్టుకు, పసుపు ఓడిన జట్టుకు. ఈ పద్ధతి పాటించిన టోర్నీ అయితే మీ కాలేజీ స్పోర్ట్స్ రూములో గులాబీ షీట్లు కొన్ని, చివర ఒక్క పసుపు షీటు ఉండాలి. అందరూ గులాబీవి దాచుకుంటారు, పసుపుది పోతుంది. ఓడిన మ్యాచ్ షీటు కోసమే ఎక్కువ వెతకండి. అది లేకపోతే కథ ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో తెలియదు. చిన్న టోర్నీల్లో ఒక్క షీటు రాసి జిరాక్స్ తీసివ్వడం కూడా ఉంది కాబట్టి రంగు లేదని పక్కన పడేయకండి.

షీటు కుడివైపు రన్నింగ్ స్కోరు, అంటే ఒక్కో జట్టుకు 1 నుంచి వరసగా అచ్చేసిన అంకెలు. ఆటలో పడిన ప్రతి బాస్కెట్‌కు అంకె మీద ఏటవాలు గీత. ఫ్రీ త్రోకు నిండు చుక్క. త్రీ పాయింటర్ అయితే గీతతోపాటు, పక్కన రాసిన ఆటగాడి నంబర్ చుట్టూ సున్నా కూడా. క్వార్టర్ అయిపోగానే చివరి స్కోరు చుట్టూ దట్టమైన సున్నా చుట్టి, కింద లావు గీత గీస్తారు. మ్యాచ్ ముగిస్తే రెండు గీతలు. స్కోరర్ ఒకటి, మూడు క్వార్టర్లకు ఎర్ర పెన్ను, మిగతా వాటికి నీలమో నలుపో వాడతాడు. కానీ నకలు మీద ఆ రంగులు పడవు. గులాబీ షీటులో క్వార్టర్లు విడదీయాలంటే లావు గీతలే దిక్కు.

ఎడమవైపు ఆటగాళ్ల పేర్లు. ఇంటూ గుర్తు చుట్టూ సున్నా ఉంటే ఆ ఐదుగురూ మొదట దిగినవాళ్లు. ఉత్త ఇంటూ ఉంటే మధ్యలో వచ్చినవాళ్లు. ఏ గుర్తూ లేకపోతే బెంచీ మీదే ఉన్నారు. వాళ్ల పేర్లు కూడా రాయండి, టోర్నీ వాళ్లది కూడా. ఫౌల్ గళ్లలో ఐదూ నిండితే ఆటగాడు బయటికెళ్లాడని అర్థం. టైమ్ అవుట్ గడిలో ఆ క్వార్టర్‌లో అది ఎన్నో నిమిషమో ఉంటుంది.

ఇప్పుడు లెక్క. కాగితం మీద ప్రతి నంబర్‌కూ ఒక వరుస వేసి చుక్కలు, గీతలు, సున్నా చుట్టిన నంబర్లు విడివిడిగా లెక్కపెట్టండి. ఒకరు చదవాలి, ఇంకొకరు రాయాలి. చుక్కకు 1, నంబర్ చుట్టూ సున్నా లేని గీతకు 2, సున్నా చుట్టిన నంబర్‌కు 3 వేసి కూడితే జట్టు మొత్తం స్కోరు రావాలి. రాకపోతే చాలాసార్లు కారణం నకలు సరిగా పడకపోవడమే, చుక్క గీతలా కనిపిస్తుంది. అసలు ప్రతితో పోల్చండి. ఇంకో చిక్కుంది. ఎవరైనా పొరపాటున సొంత బాస్కెట్‌లో వేస్తే ఆ రెండు పాయింట్లు కోర్టులో ఉన్న ఎదుటి కెప్టెన్ పేరు మీద రాస్తారు. కెప్టెన్ చెప్పిన లెక్కకూ షీటుకూ రెండు పాయింట్ల తేడా వస్తే ఈ సంగతి అడిగి చూడండి.

ఈ షీటు చెప్పని విషయాలు తెలుసుకోవడం కూడా అంతే అవసరం. రెండు జట్ల పాయింట్లూ పక్కపక్క వరసల్లో ఉంటాయేగానీ, ఎవరి బాస్కెట్ తర్వాత ఎవరిది పడిందో అందులో ఉండదు. ‘ఆఖరి నిమిషం దాకా వెనకబడే ఉన్నాం’ అన్న మాటను షీటుతో రుజువు చేయలేం. క్వార్టర్ ముగిసినప్పుడు ఎవరు ముందున్నారో మాత్రమే చెప్పగలం. ఒక్కో జట్టులో ఆఖరి బాస్కెట్ ఎవరు వేశారు, అది త్రీనా కాదా అన్నది తెలుస్తుంది, ఎన్ని సెకన్లు మిగిలాయో తెలియదు. రీబౌండ్లు, అసిస్టులు ఇందులో ఉండనే ఉండవు. ‘ఆ మ్యాచ్‌లో 18 రీబౌండ్లు’ అని ఎవరైనా అంటే అది జ్ఞాపకంగా రాయండి, అంకెల పట్టికలోకి ఎక్కించకండి.

షీట్లను లామినేషన్ చేయించకండి. వేడికి నకలు మీది రాత దెబ్బతినవచ్చు, ఆ తర్వాత తీయనూ లేరు. నకలు కాగితం వెలుతురుకు వెలిసిపోతుంది కాబట్టి ముందు స్కాన్ చేసి, తర్వాత చీకటి బీరువాలో పెట్టండి.

షీట్లు దొరక్కపోతే

కాలేజీలో ఐక్యూఏసీ (నాణ్యత వ్యవహారాలు చూసే విభాగం) పని చూసే అధ్యాపకుల్ని అడగండి. కాలేజీల నాణ్యతను అంచనా వేసే నాక్ గుర్తింపు కోసం విద్యార్థుల క్రీడా పతకాలు, సర్టిఫికెట్లను స్కాన్ చేసి పెట్టాల్సి ఉంటుంది. పీడీ గదిలో లేని సర్టిఫికెట్ అక్కడ దొరకొచ్చు. కాలేజీ వార్షిక సంచికలో క్రీడల నివేదిక ఉంటుంది. టీఏ, డీఏ బిల్లుల్లో జట్టు ఏ తేదీన బయల్దేరింది, ఎందరు వెళ్లారు అన్నది ఉంటుంది. ఎలిజిబిలిటీ ప్రొఫార్మాలో (ఆటగాళ్ల అర్హత వివరాల పత్రం) పూర్తి పేర్లు సరైన స్పెల్లింగ్‌తో ఉంటాయి, అయితే పుట్టిన తేదీలు, తండ్రుల పేర్లు కూడా ఉంటాయి. పేర్లు మాత్రం తీసుకోండి, ఆ కాగితాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టకండి.

పత్రికల్లో మ్యాచ్ మరుసటి రోజే కాదు, దాని తర్వాతి రోజు కూడా చూడండి. జిల్లా పేజీలు తొందరగా ముగిస్తారు, సాయంత్రం మ్యాచ్ ఫలితం ఒక రోజు ఆలస్యంగా వస్తుంది. సాక్షి 2008 మార్చిలో మొదలైంది, అంతకుముందు మ్యాచ్‌కు అందులో వెతికి లాభం లేదు. ఆంధ్రజ్యోతి 2000లో ఆగి 2002 అక్టోబర్‌లో మళ్లీ వచ్చింది. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు తిరుపతి వార్త కావాలంటే చిత్తూరు జిల్లా పేజీలే చూడాలి. మదనపల్లె ఆ విభజనలో అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది.

పత్రికలో వచ్చిందంతా నిజమని తీసుకోకండి. ‘ఆర్ట్స్ కాలేజీ గెలుపు’ అని ఉంటే అది ఎస్వీ ఆర్ట్స్ కాలేజీనా, గోవిందరాజస్వామి ఆర్ట్స్ కాలేజీనా? ‘పద్మావతి జట్టు’ అంటే మహిళా విశ్వవిద్యాలయమా, మహిళా డిగ్రీ కాలేజీనా? మన ఊళ్లో ఈ పొరపాటు చాలా సులభంగా జరుగుతుంది. ఫొటోలో జెర్సీ చూసి తేల్చుకోండి.

ఫొటో తేదీ తెలియకపోతే కోర్టును చూడండి. బోర్డు ముందు గీసే త్రీ సెకండ్ ఏరియా బోర్డు వైపు వెళ్లేకొద్దీ వెడల్పయ్యేది పాత పద్ధతి. 2010లో ఫిబా దాన్ని దీర్ఘచతురస్రం చేసి, త్రీ పాయింట్ గీతను 6.25 మీటర్ల నుంచి 6.75కు జరిపింది. దీర్ఘచతురస్రం కనిపిస్తే ఆ మార్పు తర్వాతి ఫొటో అనుకోవచ్చు. పాత ఆకారం కనిపిస్తే మాత్రం ముందుదే అని చెప్పలేం, కాలేజీ కోర్టుకు కొత్త గీతలు పడటానికి ఏళ్లు పట్టొచ్చు. షీటులో నాలుగు క్వార్టర్లకు బదులు రెండు హాఫ్‌లే ఉంటే 2000 నాటి మార్పుకు ముందుది కావచ్చు. పాత స్టాకు షీట్లు తర్వాత కూడా వాడి ఉండొచ్చు కాబట్టి ఇంకో ఆధారంతో సరిచూడండి. జెర్సీల మీద అన్నీ 4 నుంచి 15 లోపు నంబర్లే ఉంటే 2014కు ముందు అయ్యే అవకాశం ఎక్కువ.

చిన్న ఫొటోల్ని 600 డీపీఐలో స్కాన్ చేయండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే జెర్సీ నంబర్లు మసకబారిపోతాయి. వెనక పేర్లు రాయాలంటే పెన్సిల్ వాడండి. బాల్‌పెన్ను ఒత్తిడి ముందువైపు తేలుతుంది.

ఆటగాళ్లతో మాట్లాడటం

అందరినీ ఒకేచోట కూర్చోబెట్టి అడగడం తప్పు. గట్టిగా చెప్పేవాడి మాట మిగతావాళ్ల జ్ఞాపకాన్ని తుడిచేస్తుంది. ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి రికార్డు చేయండి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, కాల్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది. ‘ఎలా అనిపించిందన్నా?’ అని అడిగితే ‘శానా సంతోషమేసింది’ అంటారు, అంతటితో అయిపోతుంది. ‘ఆఖరి బంతి పడినప్పుడు నువ్వు ఏ బోర్డు వైపున్నావన్నా? బంతి ఎవరు తెచ్చారు? టైమ్ అవుట్‌లో సార్ ఏం చెప్పారు?’ అని అడగండి. షీటును ముందే చూపించకండి. వాళ్లు చెప్పడం పూర్తయ్యాక చూపిస్తే తేడాలు వాళ్లే పట్టుకుంటారు, కొత్త సంగతులు అప్పుడే బయటికొస్తాయి. ఓడిన జట్టులో కనీసం ఒకరితో మాట్లాడండి. ఆ రోజు వాళ్లు మీ జట్టును ఎంత తేలిగ్గా తీసుకున్నారో వాళ్లే చెప్పగలరు.

ఇద్దరి మాటలు కలవకపోతే రెండూ రాయండి, ఎవరు ఏది అన్నారో పేరుతో సహా. మధ్యేమార్గంగా మూడోది తయారు చేయకండి.

అందరూ కలిసే రోజు పెట్టుకోవాలంటే సంక్రాంతి తర్వాతి వారాలు మేలు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, బయటి కోర్టు తడిగా ఉంటుంది. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ద్వార దర్శనాల రోజుల్లో తిరుపతిలో గది దొరకడం కష్టం. మే నెలలో సాయంత్రం దాకా సిమెంటు కోర్టు మీద కాలు పెట్టలేం. కోర్టు కోసం ప్రిన్సిపాల్‌కు ముందే లేఖ ఇవ్వండి. పాత జట్టు సరదాగా ఆడాలనుకుంటే నాలుగు క్వార్టర్లు ఐదేసి నిమిషాలు చాలు. పిక్కలు, మడమలు బాగా సాగదీసిన తర్వాతే దిగమనండి.

పూర్తయిన ఫైలు నాలుగు ప్రతులు తీయండి: కాలేజీ లైబ్రరీకి ఒకటి, పీడీ సార్ గదికి ఒకటి, యూనివర్సిటీ ఫిజికల్ ఎడ్యుకేషన్ విభాగానికి ఒకటి, జట్టులో ఒకరి ఇంట్లో ఒకటి. కంప్యూటర్ ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత టోర్నీ, తర్వాత రౌండు, చివర ప్రత్యర్థి రాస్తే మ్యాచ్‌లు సులువుగా దొరుకుతాయి. ప్రతి ప్రతిలోనూ చివర రెండు ఖాళీ పేజీలు వదలండి, తర్వాత ఎవరైనా తప్పు పట్టుకుంటే తేదీ వేసి అక్కడ రాస్తారు.