అప్పులు పెరిగినప్పుడు రుణ సలహా కేంద్రాన్ని ఎలా వాడుకోవాలి?

రుణ సలహా కేంద్రం అప్పు మాఫీ చేయదు, కొత్త అప్పూ ఇవ్వదు. ఎవరికి ముందు కట్టాలి, ఎవరిని గడువు అడగాలి, ఏది కాగితం మీద రాయించుకోవాలి అన్నది మీతో కూర్చుని తేలుస్తుంది. చాలా ఇళ్లలో కావలసింది అదే. గుమ్మం ముందుకొచ్చి గట్టిగా అరిచినవాడికి ముందు కట్టేయడం మనకు అలవాటు. కానీ అరిచేవాడి వడ్డీయే ఎక్కువని లేదు, మీ ఇంటి కాగితాలు అతని దగ్గరే ఉన్నాయనీ లేదు.

బ్యాంకులు నడిపే ఆర్థిక అక్షరాస్యత కేంద్రాల్లో ఈ సలహా ఉచితం. కేంద్రం ఎక్కడుందో మీ ఖాతా ఉన్న బ్రాంచిలో అడగండి. అక్కడ తేలకపోతే జిల్లాలో బ్యాంకుల పనిని సమన్వయం చేసే లీడ్ డిస్ట్రిక్ట్ మేనేజర్ ఆఫీసులో చెబుతారు. మీది విజయవాడ అయితే, 2022 ఏప్రిల్ నుంచి అది ఎన్టీఆర్ జిల్లాలో ఉంది కాబట్టి కృష్ణా జిల్లా కేంద్రం మచిలీపట్నం దాకా పోనక్కర్లేదు.

వెళ్లేముందు: ఒక నోటుబుక్కు

ఒక్కో అప్పుకి ఒక్కో పేజీ. ఎవరి దగ్గర, అసలు ఎంత, వడ్డీ ఎంత, నెలకెంత కడుతున్నారు, ఎన్ని వాయిదాలు తప్పాయి, తాకట్టు ఏమిటి, ఖాళీ చెక్కు ఇచ్చారా, హామీ సంతకం ఎవరిది. పాట పాడి తీసేసుకున్న చీటీ, డ్వాక్రా కంతు, వదినగారి దగ్గర తెచ్చి కుదువబెట్టిన గాజులు కూడా రాయాలి. ఇంట్లో తెలియకుండా చేసిన చేబదులు ఒక్కటి దాచినా మొత్తం లెక్క తప్పుతుంది. సలహా ఫలించకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

సిబిల్ లాంటి ఒక్కో క్రెడిట్ సమాచార సంస్థా మీ అప్పుల వివరాలున్న నివేదిక ఏడాదికి ఒకటి ఉచితంగా ఇవ్వాలి. అది తీసుకుంటే మీరు మర్చిపోయిన క్రెడిట్ కార్డు, ఎవరికో హామీ ఉన్న లోను బయటపడతాయి. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, జీతం కాగితం, వచ్చిన నోటీసులు కూడా పట్టుకెళ్లండి.

వడ్డీలన్నీ ఒకే కొలతలోకి తేవాలి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. డైలీ ఫైనాన్స్ లెక్క అంత తేలిగ్గా కనపడదు. పది వేలు రాసుకుని చేతికి 8,500 ఇచ్చి, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేస్తారనుకోండి. రోజూ తీరుస్తూనే ఉన్నారు కాబట్టి సగటున మీ దగ్గరున్న సొమ్ము 4,250. దానిమీద 100 రోజులకు 1,500 అంటే నూటికి నెలకు పది రూపాయల పైమాటే.

సలహాదారు చేసే లెక్క

ఆటోనగర్‌లో పనిచేసే ఒక మెకానిక్ ఇంటికి నెలకు 34,000 వస్తుందనుకుందాం. అద్దె, బియ్యం, స్కూలు ఫీజు, మందులు పోగా మిగిలేది 11,000. కట్టాల్సింది 19,500: బండి వాయిదా 3,200, పర్సనల్ లోను 5,800, కార్డు 2,500, డ్వాక్రా 2,000, డైలీ ఫైనాన్స్ 3,000, ప్రామిసరీ నోటు రాసి తెచ్చిన లక్షకి మూడు రూపాయల వడ్డీ 3,000.

కార్డు బాకీ 50,000. నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ 1,750, దానిమీద జీఎస్టీ 315. మినిమమ్ 2,500 కట్టినా అసలులో తగ్గేది 435. అదే బాకీని 18 శాతానికి 24 వాయిదాలుగా మార్చమని బ్యాంకును అడిగి ఒప్పించగలిగితే, ఇంచుమించు అదే 2,500తో రెండేళ్లలో తీరిపోతుంది. ఈలోగా కార్డు వాడకూడదు.

పర్సనల్ లోనులో లక్షన్నర మిగిలింది, వడ్డీ 14 శాతం. మిగిలిన 31 నెలల్ని 60 నెలలకు పెంచితే వాయిదా సుమారు 3,500కు దిగుతుంది. కానీ కట్టే మొత్తం వడ్డీ 30 వేల దగ్గర్నుంచి 60 వేల దగ్గరికి పోతుంది. ఊపిరి కోసం ఇచ్చే ధర అది, తెలిసే ఒప్పుకోవాలి.

నోటు అప్పుకి ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి తీర్చేయడం మేలు. పది శాతమైతే నెలకు 850 లోపే. డైలీ ఫైనాన్స్ ముగిసేదాకా బిగించి కట్టేస్తే నెల భారం 12,050కి వస్తుంది. ఇంకా వెయ్యి తక్కువే. అది ఇంటి ఖర్చులోంచో, అదనపు పనిలోంచో రావాలి. కొత్త లోను మాత్రం కాకూడదు.

మిర్చి రైతుకు ఇంకో మాట. మూడు లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులో కడితే 4 శాతం. కోల్డ్ స్టోరేజీలో సరుకుంది కదా, ధర వచ్చాక చూద్దామని గడువు దాటిస్తే ఆ రాయితీ పోతుంది. గడువులో కట్టి రెన్యువల్ చేయిస్తే ఆ పరిమితి మళ్లీ వాడుకోవచ్చు.

బ్యాంకుతో

ఫోన్లో మాట్లాడినది లెక్కలోకి రాదు. ఆదాయం ఎందుకు తగ్గింది, నెలకు ఎంత కట్టగలరు, ఏ తేదీ నుంచి, ఎన్ని నెలల గడువు కావాలి అని ఒక పేజీ రాసి, బ్రాంచిలో ఇచ్చి నకలు మీద సీలు వేయించుకోండి. వాయిదా తప్పి 90 రోజులు దాటకముందే ఇవ్వాలి. దాటితే ఖాతా మొండిబాకీ అవుతుంది. ఇల్లు తాకట్టులో ఉంటే, తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం కింద నోటీసు వస్తుంది, 60 రోజుల గడువిస్తారు. ఆ గడువులో మీరు అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. నోటీసు తీసుకోకుండా తలుపేసుకోవడం అన్నిటికంటే నష్టం.

సెటిల్‌మెంటు అంటే తొందరపడొద్దు. తక్కువ కట్టి ముగించిన ఖాతా నివేదికలో ‘సెటిల్డ్’ అని పడుతుంది, తర్వాత లోను దొరకడం కష్టమవుతుంది. తప్పదనుకుంటే ముందు బ్యాంకు నుంచి లేఖ, తర్వాతే డబ్బు, చివర బాకీ లేదని చెప్పే నో డ్యూస్ సర్టిఫికెట్. సగానికి తగ్గిస్తామని ముందే ఫీజు అడిగే కంపెనీలు రుణ సలహాదారులు కారు.

వడ్డీ వ్యాపారితో

ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించండి, వీలైతే డబ్బు ఖాతాలోనే వేయండి. అయితే మీ సంతకంతో చెల్లు పడితే నోటు మీద కేసు వేయడానికున్న మూడేళ్ల గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. ఇచ్చిన ఖాళీ చెక్కు బౌన్సయి నోటీసు వస్తే, అందిన 15 రోజుల్లో మీరు కట్టకపోతే వడ్డీ వ్యాపారి కేసు పెట్టొచ్చు. ఆ 15 రోజుల్లోనే లాయరును కలవాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, నంబరు 15100. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానిమీద అప్పీలు లేదు, కాబట్టి కట్టగలిగిన మొత్తానికే ఒప్పుకోండి.

బెదిరింపులకు భయపడి కూర్చోవద్దు. 2015లో విజయవాడలో కాల్ మనీ వ్యవహారం, అంటే అధిక వడ్డీకి అప్పిచ్చి బెదిరించి వసూలు చేసే దందా, బయటికొచ్చింది బాధితులు ఫిర్యాదు చేయబట్టే. బ్యాంకు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలుకి ఫోన్ చేయకూడదు. చేస్తే బ్యాంకుకు రాసివ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, వివరాలకు 14448. లోను యాప్ వాళ్లు ఫొటోలు మార్చి పంపుతామంటే స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ నేరాల నంబరు 1930కి, ఇంటిమీదికి వస్తే 112కి ఫోన్ చేయండి. అప్పు తలుచుకుని నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఏ వేళనైనా ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.