జామ చిగుళ్లు: ఏవి కోయాలి, ఎలా వండాలి, ఎవరు తినకూడదు

కోయాల్సింది కొమ్మ కొసన ఉన్న మొగ్గ, దాని కింది రెండు జతల ఆకులు మాత్రమే. గోటితో గిల్లితే టక్కున తెగాలి. కాడ సాగి పీచు వచ్చిందంటే ముదిరినట్టే, ఎంత నూరినా మెదగదు. నెల్లూరు, ప్రకాశం వైపు ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక పెరటి జామలు బాగా చిగురిస్తాయి. జామ పూసేది కొత్త చిగురు మీదే కాబట్టి కొసలన్నీ గిల్లేస్తే కాపు పోతుంది. చెట్టు మొదలు దగ్గర నిటారుగా లేచే కొమ్మల నుంచి కోసుకోండి. ఆకు తిప్పి చూడండి: అడుగున తెల్ల దూదిలా ఉంటే పిండినల్లి, ఆ కొస వదిలేయండి. మందు కొట్టిన తోటలో, రోడ్డు పక్కన దుమ్ము పట్టిన చెట్టుకు అసలు కోయొద్దు.

పచ్చడికి నలుగురికి రెండు గుప్పెళ్ల చిగుళ్లు చాలు. ఉప్పునీళ్లలో పది నిమిషాలు ఉంచి, కడిగి, గుడ్డ మీద తడి ఆరనివ్వాలి. రెండు చెంచాల నూనెలో చెంచా మినప్పప్పు, చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర, ఆరు ఎండుమిరపకాయలు వేయించి తీసేయండి. అదే నూనెలో చిగుళ్లు సన్నసెగ మీద రంగు మారి, పచ్చివాసన పోయేదాకా మగ్గించాలి. ఇక్కడ తొందరపడితే వగరు నాలుకను పట్టేస్తుంది. ఉసిరికాయంత చింతపండు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు చేర్చి రోట్లో నూరండి. పులుపు తగ్గితే వగరు తేలుతుంది. వేసవిలో చింతపండు బదులు ఉలవపాడు పచ్చిమామిడి ముక్కలు వేస్తే ఇంకా బాగుంటుంది.

ఇనప మూకుడు మాత్రం వాడొద్దు. చిగుళ్లలోని టానిన్లు ఇనుముతో కలిసి పచ్చడిని సిరాలా నల్లగా చేస్తాయి, రుచీ చెడుతుంది. స్టీలు బాణలి గానీ మట్టి మూకుడు గానీ మంచిది.

వగరుకు కారణం ఆ టానిన్లే. విరేచనాలప్పుడు కడుపు కట్టడానికి మన పెద్దలు జామాకు కషాయం ఇచ్చింది వాటి గుణం వల్లే. ఆకులోని క్వెర్సెటిన్ అనే పదార్థం పేగుల నొప్పి, మెలిక తగ్గిస్తుంది. అన్నంలోని పిండి చక్కెరగా మారే వేగాన్నీ జామాకు తగ్గిస్తుంది, జపాన్‌లో భోజనంతో జామాకు టీ తాగేది అందుకే. చిగురు నమిలి పుక్కిలిస్తే పంటి చిగుళ్ల వాపుకు, నోటి పూతకు ఉపశమనం.

కషాయానికి ఐదారు చిగుళ్లు రెండు గ్లాసుల నీళ్లలో వేసి, ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించి వడకట్టండి. పాలు కలపొద్దు, టానిన్లు పాల మాంసకృత్తులకు అతుక్కుపోతాయి. రోజుకు ఒక కప్పు చాలు. మలబద్ధకం ఉన్నవాళ్లకు ఇది పడదు. రక్తహీనత ఉన్నవాళ్లు భోజనంతో తాగొద్దు, ఐరన్ మాత్రకు కనీసం రెండు గంటల ఎడం ఇవ్వాలి. షుగరు మాత్రలు వాడేవాళ్లు రోజూ తాగాలనుకుంటే డాక్టరుకు చెప్పాలి, చక్కెర మరీ పడిపోవచ్చు. గర్భిణులు కషాయం జోలికి వెళ్లొద్దు. పిల్లలకు విరేచనాలైతే ముందు ఓఆర్‌ఎస్ పట్టాలి. రక్తం పడినా, జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చిగుళ్లు మిగిలితే నీడలోనే ఆరబెట్టండి. ఎండలో పెడితే రంగు, వాసన రెండూ పోతాయి. గలగలలాడేలా ఆరాకే సీసాలో పోయాలి, చెమ్మ మిగిలితే బూజు పడుతుంది.