ఊళ్లో ఎండ, కొండ మీద వాన: జావా అగ్నిపర్వత గ్రామాల్లో ఉండబోయేవారికి వానాకాలం జాగ్రత్తలు

2025 నవంబరు 19న ఇండోనేషియాలో, తూర్పు జావాలోని సెమెరు అగ్నిపర్వతం బద్దలై, హెచ్చరిక స్థాయి ఆ ఒక్క రోజులోనే అన్నిటికంటే పైదైన ‘అవస్’కు చేరిన వార్తను చాలామంది చదివే ఉంటారు. వేడి బూడిదమేఘం కిందికి దొర్లి చల్లారాక ఆపద గడిచిందనుకోవడం దూరాన ఉన్నవారికి సహజమే కానీ, ఆ కొండ కింద లుమజాంగ్ జిల్లా పల్లెల్లో బతికేవారు అలా అనుకోరు. మేఘం వాగుల్లో పోసి వెళ్లిన బూడిద, ఇసుక, బండరాళ్లు అక్కడే ఉంటాయి. వాటిని ఊళ్ల మీదికి మోసుకురావడానికి గట్టి వాన ఒక్కటి చాలు. అలా వచ్చే బురదవరదను జావా ప్రజలు ‘లహార్’ అంటారు, ప్రపంచమంతటా భూగర్భ శాస్త్రవేత్తలు ఇప్పుడు వాడుతున్నదీ ఆ జావా మాటనే.

యోగ్యకర్త నగరానికి ఉత్తరాన, మెరాపి అగ్నిపర్వతం వాలు మీద ఉన్న ఒక చిన్న పల్లెలో నేను నాలుగు వానాకాలాలు గడిపాను. చదువు కోసమో, స్వచ్ఛంద సేవకో, పని మీదో అలాంటి పల్లెలో కొన్నాళ్లు ఉండబోయే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాస్కు, టార్చి, మందుల సంచి సంగతి ఏ కరపత్రంలోనైనా ఉంటుంది కనుక వాటి జోలికి పోను.

ముందు ఊరి నేలను తెలుసుకోవాలి. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా సాగే వానాకాలం మొదలయ్యే లోపే, మీరు ఉండే ఇల్లు ఏ రెండు వాగుల నడుమ ఉందో నడిచి చూసుకోండి. మెరాపి నుంచి క్రసక్, బొయొంగ్, కునింగ్, ఒపక్, గెండొల్, వొరొ వంటి వాగులు దిగుతాయి. కొండకు మీరు ఎంత దూరంలో ఉన్నారన్నదాని కంటే వాగుకు ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉన్నారన్నదే ముఖ్యం. 2010 నవంబరు 5 తెల్లవారకముందు వేడి బూడిదమేఘం గెండొల్ లోయను పట్టుకుని దాదాపు 15 కిలోమీటర్లు దిగి, తమదాకా రాదనుకున్న పల్లెలను కాల్చేసింది. ఆ అక్టోబరు, నవంబరు నెలల విస్ఫోటాల్లో 350 మందికి పైగా మరణించారు. కొండ శాంతించిన తరువాత, 2011 జనవరిలో, పుతిహ్ వాగు లహార్‌తో గట్టు దాటి మగెలాంగ్–యోగ్యకర్త ప్రధాన రహదారినే తెంచేసింది. ఆ రోడ్డు మీద వెళ్తున్న వారిలో ఎందరికి తాము అగ్నిపర్వతం దారికి అడ్డంగా ఉన్నామని తెలిసి ఉంటుంది?

తరువాత హెచ్చరికల సంగతి. నార్మల్, వస్పద, సియగ, అవస్ అని నాలుగు స్థాయిలు ఉంటాయి. మెరాపిని 2020 నవంబరు 5న సియగకు, అంటే మూడో స్థాయికి చేర్చారు. ఏళ్ల తరబడి అదే స్థాయి నడిస్తే జనానికి అది గోడ మీది క్యాలెండరులా అలవాటైపోతుంది. కొత్తగా వచ్చినవారు తెలుసుకోవలసింది ఒకటుంది: ఆ స్థాయి చెప్పేది కొండ కడుపులోని సంగతి, వాన సంగతి కాదు. స్థాయి పెరగని రోజున, కొండ చిన్న పొగ కూడా వదలని రోజున లహార్ రావచ్చు.

ఇక నేను చూసినంతలో మనుషులను ముంచేసిన తప్పు ఒక్కటే. తమ నెత్తి మీది ఆకాశాన్ని చూసి వాగులోకి దిగడం. మధ్యాహ్నానికి తేమగాలి వాలు ఎక్కి మేఘమై కొండ భుజాల మీదే కూర్చుంటుంది. వాన అక్కడ పడుతుంది. పది, పన్నెండు కిలోమీటర్ల దిగువన మీ ఊళ్లో బట్టలు ఆరుతూనే ఉంటాయి.

ఒక జనవరి మధ్యాహ్నం మా పక్కింటి పెద్దాయన తన రెండు ఆవుల కోసం వాగులో ఏనుగుగడ్డి కోస్తున్నాడు. మోటారు సైకిలును వాగులోనే, ఇసుక లారీలు దిగే బాట పక్కన నిలిపాడు. ఎండ ఎంత కాస్తోందంటే చెమటకు తడిసిన చొక్కాను బండి హ్యాండిలు మీద ఆరేసుకున్నాడు. గట్టు మీద నిలబడిన మాకు ముందు వాకీటాకీలో మాట వినిపించింది: శిఖరం మీద వాన. ఊళ్లో వాకీటాకీని ‘హెచ్‌టీ’ అంటారు, సగం ఇళ్లలో అది రోజంతా గరగరమంటూనే ఉంటుంది. మేము కేకలు వేస్తే ఆయన తలెత్తి ఆకాశం వైపు చూశాడు, నవ్వాడు, ఇంకొక మోపు కట్టుకోవడం మొదలుపెట్టాడు. కాసేపటికి సన్నగా పారుతున్న నీరు టీ రంగుకు, ఆపైన సిమెంటు రంగుకు తిరిగింది. అప్పుడు అరికాళ్ల కింద నేల అదిరింది, ఒకేసారి చాలా లారీలు వంతెన ఎక్కినట్టు చప్పుడైంది. ఆయన గడ్డి వదిలేశాడు కానీ బండి కోసం వెనక్కి పరుగెత్తాడు. మేనల్లుడు దిగి చెయ్యి పట్టి ఈడ్చుకురాకపోతే ఆయన దక్కేవాడు కాదు. వాయిదాల మీద కొన్న ఆ బండి హ్యాండిలును రెండు నెలల తరువాత ఇసుక తవ్వేవారు తెచ్చి ఇచ్చారు, వాయిదాలు మాత్రం ఇంకా మిగిలే ఉన్నాయి.

ఆయన అజ్ఞాని కాడు, పుట్టింది ఆ వాలు మీదే. గతసారి రాలేదు కనుక ఈసారీ రాదన్న నమ్మకమే ఆయనను అక్కడ నిలబెట్టింది. మెరాపికి తాళపు చెవుల కాపరిగా, అంటే కొండకు మొక్కులు చెల్లించే సంప్రదాయ సంరక్షకుడిగా, పేరుపొందిన మ్‌బహ్ మరిజన్ 2006లో ఊరు వదలకుండా బతికి బయటపడ్డారు. 2010 అక్టోబరు 26న అదే ఊళ్లో, కినహ్‌రెజొలో, కదలనన్న అదే మాట మీద ఉండి మరణించారు. ఆయన నిష్ఠను తప్పుపట్టే అర్హత నాకు లేదు. కానీ ఒకసారి తప్పిన గండాన్ని లెక్కలోకి తీసుకునే అలవాటు ఆ కొండకు లేదని చెప్పక తప్పదు.

తెలుగునాట వాగులు చూసి పెరిగిన మనకు ఎగువ వానకు దిగువ ఏరు పొంగడం కొత్త కాదు. ఆ తెలివి ఇక్కడ సగమే పనికివస్తుంది, మిగతా సగం మోసం చేస్తుంది. లహార్ నీరులా మోకాలు, తొడ, నడుము అంటూ పెరగదు. తడి కాంక్రీటు లాంటి ముద్ద, ముందు వరుసలో బండలతో, గోడలా వస్తుంది. అందులో ఈత పనికిరాదు, తాడు కట్టుకుని దాటడం పనికిరాదు. కొత్త బూడిద మీద వాన పడితే అది మరుగుతూ కూడా రావచ్చు.

పాత బూడిద కదా అనుకోకండి. పశ్చిమ సుమత్రాలోని మరాపి, పేరు దగ్గరగా ఉన్నా ఇది వేరే కొండ, 2023 డిసెంబరులో బద్దలైంది. 2024 మే 11 రాత్రి కుండపోత వానకు ఆ వాలు మీది బూడిద, రాళ్లు కదిలి అగమ్, తనహ్ దతర్ జిల్లాల పల్లెల మీద పడ్డాయి. 60 మందికి పైగా పోయారు. విస్ఫోటానికీ వరదకూ మధ్య 5 నెలలు గడిచాయి.

కనుక మళ్లీ చెబుతున్నాను, వాన మీ ఊళ్లో కాదు, కొండ మీద చూడండి. కొండ మేఘంలో దాగి కనిపించకపోతే అక్కడ వాన పడుతున్నట్టే లెక్క.

మధ్యాహ్నం దాటాక వాగులోకి దిగకండి. బండిని వాగులో నిలపకండి, ఒడ్డున నిలిపి నడిచి దిగండి, బండి ముఖం ఊరి వైపు ఉండాలి.

ఇసుక లారీలు పనిచేస్తున్నాయి కనుక పరవాలేదనుకోకండి. వారు కూలి కోసం ప్రాణం పణం పెడుతున్నారు, మీకు ఆ అవసరం లేదు.

లోలెవల్ వంతెన మీద నీటి రంగు మారితే ఆగండి. ముందు వెళ్లిన బండి దాటిందని మీరు వెళ్లకండి.

సాబో డ్యామ్ మీద కూర్చుని వరద చూడకండి. జపాన్ సహకారంతో వచ్చిన ఆ అడ్డుగోడలు రాళ్లను ఆపి వరద వేగం తగ్గించడానికి కట్టినవి, నిండిపోయిన గోడ దేన్నీ ఆపదు.

బంకరులో దాక్కోకండి. 2006 జూన్‌లో కలిఅదెమ్ బంకరులోకి వెళ్లిన ఇద్దరు వేడి బూడిదమేఘానికి అందులోనే ప్రాణాలు కోల్పోయారు.

ఆపదలో తలదాచుకోవడానికి మీ ఊరికి జతగా నిర్ణయించిన ఊరు ఏదో మొదటి వారంలోనే అడగండి. మగెలాంగ్ జిల్లాలో పై గ్రామాలకు దిగువ గ్రామాలను ‘సోదర గ్రామాలు’గా ముందే ముడివేసి ఉంచారు. అక్కడికి వాగు దాటకుండా వెళ్లే దారి ఏదో అడగండి. ఒకసారి రాత్రిపూట నడిచి చూడండి.

కెంతొంగాన్ చప్పుడు నేర్చుకోండి. ఆ వెదురు దుంగను ఆగకుండా, గబగబా కొడితే ‘తితిర్’, అంటే ఆపద. కరెంటు పోయి ఫోను మూగబోయినా అది వినబడుతుంది.

మొదటి అల తగ్గాక వాగులోకి దిగకండి. రెండోది వస్తుంది.

ఆవుల కోసం వెనక్కి వెళ్లకండి. 2010లో ఖాళీ చేయించిన ఊళ్లకు మేత వేయడానికి రోజూ తిరిగి వెళ్లినవారు ఉన్నారు. మీ ఇంటివారు వెళ్తామంటే ఒప్పుకోకండి, మర్యాద అడ్డం వచ్చినా సరే.

ఫోను తీయకండి. వీడియో కోసం గట్టు అంచున నిలబడకండి, కింద గట్టును వరద తొలిచేసి ఉంటుంది.

చెప్పు జారితే వదిలేయండి. కొడవలి జారితే వదిలేయండి. బండి ఉంటే వదిలేయండి.

అవతలి ఒడ్డున స్నేహితుడు ఉండిపోతే ఇక్కడి నుంచే కేక వేసి చెప్పండి, తీసుకురావడానికి దిగకండి. ఈ రాత్రికి అతను అవతలి ఊళ్లోనే ఎవరింట్లోనో అన్నం తిని పడుకుంటాడు.