ఖర్జూరం మట్టలు పాలిపోతుంటే తల కాదు, మొదలు చూడండి

నాలుగైదేళ్ల బర్హీ రకం ఖర్జూరం చెట్టు. డ్రిప్పు బాగానే పనిచేస్తోంది, ఎరువు వేశారు. అయినా మట్టల రంగు తగ్గి, బయటి వరుస కిందికి వాలుతోంది. అనంతపురం, కడప వైపు ఖర్జూరం వేసినవారు ఇలాంటి చెట్టు కనబడగానే నీళ్లు పెంచుతారు, లేదంటే సూక్ష్మపోషకాలు పిచికారీ చేస్తారు. రంగు తిరగలేదని కొన్నాళ్లకు మళ్లీ పిచికారీ చేస్తారు. దయచేసి ఆ మందు డబ్బా మూత తీయకముందే చెట్టు పక్కన కూర్చుని మొదలు చూడండి. అయిదు నిమిషాలు కూడా పట్టదు.

మొవ్వు లాగితే ఊడి వస్తోంది

మొవ్వును, అంటే నడిమధ్య ఇంకా విచ్చుకోని లేత మట్టను, మెల్లగా లాగండి. ఊడి వచ్చి, అడుగు మెత్తబడి కుళ్లు వాసన వేస్తుంటే ముందు మట్టి ఎంతవరకు ఉందో చూడాలి. చిన్న మొక్కల్లో ఎక్కువగా జరిగేది ఇదే: లోతుగా నాటారు, లేదా పాదు చేసేటప్పుడు మట్టి మొవ్వు దాకా ఎక్కింది. నీళ్లు పెట్టిన ప్రతిసారీ మొవ్వులో తడి నిలుస్తుంది. మట్టి తీసేసి, మొవ్వు నీటిమట్టానికి పైన ఉండేలా పాదు సరిచేయండి. కుళ్లిన భాగం శుభ్రం చేసి రాగిమందు ద్రావణం పోయండి. లోపలి మొగ్గ బతికి ఉంటే కొత్త మొవ్వు వస్తుంది.

విప్పారిన మట్ట కత్తెరతో కోసినట్టు ఉంది

కొమ్ము పురుగు. మట్ట మొదళ్ల మధ్య వేపపిండి, ఇసుక సమానంగా కలిపి పోయండి. ఇది పుట్టేది పెంటదిబ్బలో కాబట్టి అసలు పని అక్కడ ఉంది. దిబ్బ తిరగేసి తెల్లని లద్దె పురుగులను ఏరేయండి. ఈ పురుగు చేసిన రంధ్రాన్ని అలాగే వదిలేస్తే దాని వెనక ఇంకొకటి వస్తుంది. అదే అసలు శత్రువు.

మట్టలు పాలిపోయాయి, మొవ్వు మాత్రం బాగానే ఉంది

ఇక్కడే తోటలు పోతున్నాయి. కారణం ఎర్రముక్కు పురుగు. దీని గురించి మనవాళ్లు విన్నదంతా కొబ్బరి రైతుల నుంచి, అందుకే అందరూ పైకి చూస్తారు. ఖర్జూరంలో అది ఎక్కువగా దిగువన, నేల నుంచి మీటరు ఎత్తులోపే దూరుతుంది. అది కూడా పిలకలు తీసిన చోట. కోసిన గాయం వాసనకు తల్లి పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. గుడ్లు కొద్ది రోజుల్లోనే పగులుతాయి, పిల్ల పురుగులు కాండం లోపలే తింటూ నెలల తరబడి పెరుగుతాయి, అక్కడే పీచుతో గూడు అల్లుకుంటాయి. ఇంత జరుగుతున్నా పైన మొవ్వు పచ్చగానే ఉంటుంది. మట్టలు వాలేసరికి లోపల చాలా భాగం పొట్టుగా మారి ఉంటుంది. గాలివానకు చెట్టు మొదట్లో విరిగి పడ్డాక తెలిసిన తోటలు చాలా చూశాను. ప్రతిచోటా బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఆ గుర్తులు ముందునుంచీ బయటే ఉన్నాయి.

మొదలు చుట్టూ ఎండిన మట్టల మొదళ్లను, పిలకల మధ్య చెత్తను తీసి చూడండి. గోధుమరంగు జిగురు కారుతోందా, నమిలి ఉమ్మినట్టు తడి పీచు బయటికి వస్తోందా, పులిసిన వాసన ఉందా అని గమనించండి. రాలిపడిన పీచు గూడు కనిపించినా అనుమానం అక్కర్లేదు. నిశ్శబ్దంగా ఉన్న వేళ చెవి ఆనిస్తే కొన్నిసార్లు నమిలే చప్పుడు కూడా వినిపిస్తుంది.

దెబ్బ చిన్నదైతే చెట్టు దక్కుతుంది. కుళ్లిన పీచును ఉలితో గట్టి భాగం వచ్చేదాకా తీసేయండి. కొబ్బరిలో ఈ పురుగుకు వాడే ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ లీటరు నీటికి 1 మి.లీ. కలిపి, రంధ్రానికి కాస్త పైన ఏటవాలుగా తొలిచి పోసి, అన్ని రంధ్రాలనూ బంకమట్టితో మూసేయండి. గెలలు ఉన్న చెట్టుకు ఇది వద్దు. కాయ తినేది మనమే. వేలు పెడితే లోపలికి దిగిపోయేంతగా మెత్తబడితే మందు దండగ. కొట్టి, కాండాన్ని చీల్చి కాల్చేయండి. కంచె పక్కన పడేసిన మొద్దులోంచి పురుగులు బయటికి వచ్చి పక్క చెట్టు ఎక్కుతాయి.

ఇక రాకుండా చూసుకోవడం. పిలకలు తీసిన రోజే గాయానికి మందు పూసి, మట్టి ఎగదోయండి. పచ్చి మట్టలను కాండానికి ఆనించి కోయకండి. డ్రిప్పు గొట్టం మొదలును తడుపుతుంటే దూరం జరపండి, తడి మొదలంటే ఈ పురుగుకు ఇష్టం. తోట పక్క వంకలో ఈత చెట్లుంటే వాటినీ చూస్తుండండి, ఇది వాటిలోనూ బతుకుతుంది. పిలకలను తెలియని తోట నుంచి తెచ్చుకోవడం అన్నింటికంటే ప్రమాదం.

ఎర్రముక్కు పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టల గురించి ఒక మాట. బుట్టను లేత చెట్ల మధ్య వేలాడదీస్తే దానికోసం వచ్చిన పురుగులు కొన్ని ఆ చెట్లమీదే వాలతాయి. తోట అంచున, నీడలో పెట్టండి. అందులోని చెరకు ముక్కలు, నీళ్లు ఎండిపోతే పురుగులు రావడం తగ్గిపోతుంది, కాబట్టి వారానికోసారి మార్చాలి. బుట్ట బయట గరుకుగా ఉంటేనే పురుగు ఎక్కగలదు, నున్నని బకెట్ అయితే గోనె చుట్టండి.

మిగతావి

ఆకులపై నల్లటి చిన్న బొడిపెలు ఉంటే గ్రాఫియోలా అనే ఆకుమచ్చ తెగులు, ముదురు మట్టలు కోసి కాల్చితే చాలు. ముదురు ఆకుల చివర్లు మాత్రమే ఎండితే ఉప్పునీరు, అంత కంగారు పడక్కర్లేదు. కాండంమీద మట్టి గొట్టాలు చెదలవి, ఎదిగిన చెట్టుకు పెద్ద నష్టం ఉండదు. డిసెంబరు చలికి ఇలా అయిందని కొందరంటారు. ఖర్జూరం గడ్డకట్టే చలిని కూడా కొంతసేపు తట్టుకుంటుంది, మన చలి దాన్ని ఏమీ చేయలేదు.

మందు పోసిన చెట్టును రెండు మూడు వారాలకు మళ్లీ చూడండి. మట్టితో మూసిన రంధ్రం దగ్గర కొత్త పీచు వస్తే లోపల ఇంకా పురుగు ఉన్నట్టే, మరోసారి తొలిచి పోయాలి. పొడిగా ఉంటే ఆ చుట్టుపక్కల చెట్లన్నింటి మొదళ్లూ చూడాలి. అది ఒక్క చెట్టుతో ఆగిందని అనుకోకండి.